చదవడం వచ్చినవాడి బాధ్యత

టీవీలో బిగ్ బాస్ చూడని ఊరు ఇప్పుడు ఏజెన్సీలో కూడా తక్కువే. ఇంటి నిండా కెమెరాలు, లోపల కొందరు మనుషులు, ఎక్కడో ఉండి ఆజ్ఞలు వేసే ఒక గొంతు. తెలుగులో ఈ ఆట 2017లో మొదలైంది. దీనికి మూలం 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ అనే కార్యక్రమం. ఆ పేరు 1949లో అచ్చయిన ‘1984’ అనే ఇంగ్లీషు నవలలోది. ఆ నవలలో బిగ్ బ్రదర్ ఒక నియంత. ప్రతి గోడ మీదా అతని బొమ్మ ఉంటుంది, ప్రతి ఇంట్లోకీ అతని కన్ను చూస్తుంది. జనాన్ని హెచ్చరించడానికి ఒక రచయిత పెట్టిన పేరు యాభై ఏళ్లు తిరిగేసరికి జనం సరదాగా చూసే ఆట పేరయింది.

ఆ రచయిత జార్జ్ ఆర్వెల్. ఆయన పుస్తకాలు చదవనివాళ్లు కూడా ఆయన మాటలు వాడుతున్నారు. మనసులో అనుకున్నదాన్నే నేరంగా చూసే పోలీసులను ‘థాట్ పోలీస్’ అంటారు. ఒకదానికొకటి పొసగని రెండు సంగతుల్ని ఒకేసారి నమ్మడాన్ని ‘డబుల్‌థింక్’ అంటారు. నిజాన్ని చెప్పడానికి వీలులేకుండా కత్తిరించిన భాషను ‘న్యూస్పీక్’ అంటారు. అమెరికా, రష్యాల మధ్య నడిచిన వైరానికి ‘కోల్డ్ వార్’ అనే పేరు స్థిరపడకముందే, 1945 అక్టోబరులో అణుబాంబు గురించి రాసిన వ్యాసంలో ఆయన ఆ మాట వాడాడు. ప్రభుత్వాలు అబద్ధాన్ని తియ్యగా చెబితే ‘ఆర్వెలియన్’ అంటారు. ఒక రచయిత పేరు ఆయన అసహ్యించుకున్న పనికే పేరు కావడం విచిత్రమే.

ఆయన మనకు ఇచ్చింది ఈ మాటలేనా? అంతకంటే పెద్దది ఒకటుందని నా అభిప్రాయం. మాట వెనక ఉన్న మనిషిని చూడడం నీతికి సంబంధించిన పని అని ఆయన చూపించాడు. ఆ పని అందరికంటే ముందు ఎవరిది? చదువు వచ్చినవాడిది. ఆదివాసీ యువకులం, ఉపాధ్యాయులం ఈ సంగతిని మనకు సంబంధించిన ప్రశ్నగానే చూడాలి.

ఆ చూపు ఎక్కడ మొదలైంది?

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న మన దేశంలోనే, బీహారులోని మోతీహారీలో పుట్టాడు. అప్పట్లో రైతులచేత నల్లమందు పండించి చైనాకు అమ్మే వ్యాపారం బ్రిటిషు ప్రభుత్వమే చేసేది. ఆ వ్యాపారం చూసుకునే శాఖలో ఆయన తండ్రి ఉద్యోగి. పసివాడిగా ఉన్నప్పుడే తల్లి ఇంగ్లండు తీసుకువెళ్లింది. అక్కడ చదువుకుని 1922లో, పందొమ్మిదేళ్ల వయసులో పోలీసు ఉద్యోగం మీద బర్మా వచ్చాడు. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో భాగం. ఆ ఉద్యోగంలో అయిదేళ్లున్నాడు.

1922 సంవత్సరం మనకు బాగా తెలిసిందే. ఆ ఆగస్టులోనే గూడెం, రంప కొండల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర నడిచారు. అడవి మీద ఆంక్షలు పెట్టి, రోడ్ల పనికి వెట్టి చేయించిన పాలన మీద కొండజనం తిరగబడ్డారు. సర్కారు కాగితాల్లో దానికి ‘పితూరీ’ అని పేరు. తెలుగులో ఆ మాటకు కుట్ర అనే అర్థం ఉంది. బడిలో ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడి మీద లేనిపోనివి చెబితే పితూరీలు చెబుతున్నాడంటాం. అన్నం కోసం, అడవి కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పోరాటం చాడీలకు వాడే మాటతో చరిత్రలోకి ఎక్కింది. ఆ పేరు కొండజనం పెట్టుకున్నది కాదు, కాగితం రాసినవాడు పెట్టింది.

అదే సామ్రాజ్యపు ఇంకో కొనలో ఆర్వెల్ కాగితం రాసేవాడి పక్షాన నిలబడి ఉన్నాడు. లాఠీ ఆయన చేతిలోనే ఉంది. ఆ అనుభవం మీద 1931లో ఒక ఉరిశిక్ష గురించి చిన్న రచన చేశాడు. ఉరికంబం వైపు నడిపిస్తున్న ఖైదీ దారిలో చిన్న నీటిగుంట కనిపిస్తే, కాలు తడవకుండా పక్కకు తప్పుకుంటాడు. ఇంకొద్ది నిమిషాల్లో చచ్చిపోయే మనిషి! ఆ ఒక్క అడుగు చూసినప్పుడు నిండుగా బతికున్న ప్రాణాన్ని తీయడమంటే ఏమిటో రచయితకు తెలిసివస్తుంది. జైలు రిజిస్టరులో ఇది ‘శిక్ష అమలు’ అని రెండు మాటల్లో ముగుస్తుంది. ఆ రెండు మాటల్లో నీటిగుంట లేదు, పక్కకు వేసిన అడుగు లేదు. ఆర్వెల్ జీవితమంతా చేసిన పని ఆ నీటిగుంటను మళ్లీ వాక్యంలోకి తేవడమే.

1927లో ఉద్యోగం మానేశాడు. 1936 చివర స్పెయిన్ వెళ్లి ఫాసిస్టుల మీద తుపాకి పట్టాడు. 1937 మే నెలలో ఆయన గొంతులోంచి తూటా దూసుకుపోయింది. అదృష్టంకొద్దీ బతికాడు. కోలుకుంటున్న రోజుల్లోనే ఇంకో సంగతి చూశాడు. తాను చేరిన చిన్న పార్టీ ఫాసిస్టులతో పోరాడుతుంటే, సాటి కమ్యూనిస్టుల పత్రికలే దాన్ని ఫాసిస్టుల ఏజెంటు అని రాశాయి. తోటివాళ్లు జైలుపాలయ్యారు. జరగని యుద్ధాలు జరిగినట్టు, పోరాడినవాళ్లు పారిపోయినట్టు పేపర్లలో వచ్చింది. అబద్ధం ఎదుటి పక్షం నుంచే రాదు, మన పక్షం నుంచి కూడా వస్తుందని ఆయనకు అక్కడ తెలిసింది. ‘యానిమల్ ఫార్మ్’, ‘1984’ నవలలు రెండూ ఆ తెలివిడి నుంచి పుట్టినవే.

1946 నాటి వ్యాసం

రాజకీయాలకూ ఇంగ్లీషు భాషకూ ఉన్న సంబంధం గురించి ఆర్వెల్ 1946లో ఒక వ్యాసం రాశాడు. నవలలకంటే ఆ వ్యాసమే రాసేవాళ్ల మీద ఎక్కువ ప్రభావం చూపిందని చెప్పవచ్చు. ఇప్పటికీ అనేక దేశాల్లో జర్నలిజం చదివేవాళ్లకు పాఠంగా చెబుతారు. ఆయన వాదన సూటిగానే ఉంటుంది. సమర్థించడానికి వీలులేని పనుల్ని సమర్థించడానికే రాజకీయ భాష మసకబారుతుంది. ఊళ్ల మీద బాంబులు వేసి, గుడిసెలు తగలబెట్టి, జనాన్ని ఊళ్ల బయటికి తరిమి, దానికి శాంతిస్థాపన అని పేరు పెడతారు. లక్షల మంది రైతుల పొలాలు లాక్కుని, మోయగలిగినంత మూట నెత్తిన పెట్టి రోడ్డున నడిపించి, దాన్ని జనాభా బదిలీ అంటారు. విచారణ లేకుండా మనుషుల్ని చంపి, నమ్మదగని శక్తుల ఏరివేత అంటారు. ఆ పేర్లు వింటే కళ్లముందు ఏ బొమ్మా కనబడదు. బొమ్మ కనబడకూడదనే అలాంటి పేర్లు పెడతారు.

ఇందులో ఇంకో మెలిక కూడా చెప్పాడు. తప్పుడు ఆలోచన భాషను పాడుచేస్తుంది. పాడైన భాష తిరిగి ఆలోచనను పాడుచేస్తుంది. తాగుబోతు బాధలో ఉండి తాగుతాడు, తాగినందువల్ల బాధ పెరుగుతుంది, మళ్లీ తాగుతాడు. అదీ వరస. తెచ్చిపెట్టుకున్న పెద్ద మాటలు, అరిగిపోయిన పోలికలు, కర్త కనబడని వాక్యాలు మానమని ఆరు సూత్రాలు రాశాడు. పాటిస్తే వాక్యం వికారంగా మారేట్టయితే ఆ సూత్రాలను కూడా పక్కన పెట్టమన్నది ఆరో సూత్రం సారాంశం.

కర్త కనబడని వాక్యం గురించి తెలుగువాళ్లం కొంచెం ఆగి ఆలోచించాలి. మనం మాట్లాడే తెలుగులో ‘బడు’ చేర్చిన వాక్యాలు దాదాపు లేవు. అన్నం తిన్నాను అంటాం. అన్నం నాచేత తినబడింది అని ఎవరూ అనరు. ఆఫీసు తెలుగులో మాత్రం అన్నీ చేయబడతాయి. ‘సదరు ఆక్రమణలు తొలగించబడినవి.’ ‘నిర్వాసిత కుటుంబాలు తరలించబడినవి.’ ‘మీ దరఖాస్తు తిరస్కరించబడినది.’ తొలగించింది ఎవరు? తరలించింది ఎవరు? వాక్యంలో మనిషి లేడు. వాన కురిసినట్టు, ఆకు రాలినట్టు ఆ పని దానంతటదే జరిగిపోయింది. ఎవరూ చేయని పనికి ఎవరిని అడుగుతాం? వ్యాకరణం పాఠంలో కర్మణి ప్రయోగం అని రెండు మార్కులకు చెప్పే అంశం వెనక ఇంత సంగతి ఉంది.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఒక పని ఇస్తుంటాను. ఇలాంటి వాక్యం ఒకటి బోర్డు మీద రాసి, ఇంట్లో అమ్మమ్మకు చెప్పినట్టు తిరగరాయమంటాను. ‘ఆక్రమణలు తొలగించబడినవి’ అన్నది పిల్లల చేతిలో ‘ఆఫీసోళ్లు వచ్చి మన జొన్నచేను దున్నేశారు’ అవుతుంది. కర్త వచ్చాడు, చేను వచ్చింది, ‘మన’ అనే మాట కూడా వచ్చింది. ఆర్వెల్ పేరు చెప్పకుండానే ఆర్వెల్ పాఠం పూర్తవుతుంది.

ఒక్క మాట తేడా

మాటలో ఏముంది, బతుకు మారాలి గాని అని కొందరంటారు. బతుకు మారాలన్నది నిజమే. అయితే చట్టంలో ఒక్క మాట మారితే బతుకు ఎలా మారుతుందో మన అనుభవంలోనే ఉంది.

పోడు చేసుకునే మనిషిని తరతరాలుగా కాగితం ‘ఆక్రమణదారు’ అంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిని నమ్ముకున్న జనానికి చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. అదే మనిషి, అదే చేను, అదే నాగలి. కాగితంలో ‘ఆక్రమణదారు’ అన్నచోట ‘హక్కుదారు’ అన్న మాటకు చోటు దొరికింది. పట్టాలు అందరికీ అందాయా లేదా అన్నది వేరే పోరాటం. దొంగ అని పిలిపించుకునేవాడు అడుక్కోవాలి. హక్కుదారు అని పిలిపించుకునేవాడు అడగగలడు.

ఇంకోటి చూద్దాం. 1996 నాటి పెసా చట్టంలో, షెడ్యూల్డ్ ప్రాంతంలో అభివృద్ధి పనుల కోసం భూమి సేకరించేముందు గ్రామసభనో పంచాయతీనో ‘సంప్రదించాలి’ అని ఉంది. 2013 నాటి భూసేకరణ చట్టంలో ముందస్తు ‘సమ్మతి’ తీసుకోవాలి అని ఉంది. సంప్రదించడమంటే అడగడం. అడిగాక వాళ్లు వద్దన్నా పని ఆగకపోవచ్చు. సమ్మతి అంటే వాళ్లు సరే అనాలి. సభలో ఈ రెండు మాటల తేడా తెలిసినవాడు ఒక్కడున్నా తీర్మానం రాత మారుతుంది. అదే 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల మీద బాక్సైటు తవ్వకాల సంగతి గ్రామసభలకే వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. ఆ డోంగ్రియా కొండులకు పెద్ద పెద్ద మాటలు అవసరం కాలేదు. కొండ మా దేవుడు, ఇవ్వం అన్నది వాళ్ల మాట సారం.

ఆర్వెల్ స్పెయిన్‌లో నేర్చుకున్న పాఠం కూడా మనకు వర్తిస్తుంది. ‘ఎన్‌కౌంటర్’ అనే ఇంగ్లీషు మాటకు ఎదురుపడడం అని అర్థం. తెలుగు పేపర్లలో ఆ మాట ఎవరు ఎవరికి ఎదురుపడ్డారో చెప్పకుండానే చావును చెబుతుంది. ఇటువైపు ‘ఇన్‌ఫార్మర్’ అనే మాట ఉంది. ఆ ఒక్క ముద్ర పడితే, విచారణ లేకుండా మనిషి ప్రాణం పోయిన రోజులు ఏజెన్సీ చూసింది. రెండు మాటల వెనకా చాలాసార్లు చచ్చిపోయింది ఆదివాసీ బిడ్డే. ఒక మాటను తప్పుబట్టి, రెండోదాని దగ్గర నోరు మూసుకునేవాడు ఆర్వెల్ పేరెత్తడానికి తగడు.

మెత్తని మాటలన్నీ అబద్ధాలేనా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మెత్తగా చెప్పడం మర్యాద కదా? బియ్యం అయిపోయాయి అనడానికి నోరు రాక ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోయింది అనకుండా ‘కొండెక్కింది’ అంటాం. చచ్చిపోయాడు అనకుండా ‘కాలం చేశాడు’ అంటాం. ఖాళీ అయిన డబ్బాను నిండుకుంది అనడం ఆర్వెల్ నవలలో యుద్ధం నడిపే శాఖకు శాంతి శాఖ అని పేరు పెట్టినట్టే ఉంది కదా?

కాదు. నిండుకున్నాయి అని ఇల్లాలు అన్నప్పుడు డబ్బా ఖాళీ అని ఆమెకూ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఎవరూ మోసపోలేదు. పైగా ఆ మాట లేమితో బాధపడేవాళ్ల మనసును కాపాడుతుంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి మెత్తగా మాట్లాడడం కూడా అంతే. ఇక తరలింపు, సర్దుబాటు, ఏరివేత లాంటి మాటలు ఎవరి మనసును కాపాడుతున్నాయి? ఊరు పోగొట్టుకున్నవాడి మనసునైతే కాదు. సంతకం పెట్టినవాడికి రాత్రి నిద్ర పట్టడానికి, పేపరు చదివేవాడికి కాఫీ చేదు కాకుండా ఉండడానికి ఆ మాటలు పనికివస్తాయి. అందుచేత మనం పెట్టుకోవలసిన పరీక్ష ఒకటుంది. ఈ మెత్తని మాట దెబ్బ తిన్నవాడి నొప్పి తగ్గిస్తోందా, దెబ్బ కొట్టినవాడి సిగ్గు తగ్గిస్తోందా? మొదటిది దయ, రెండోది అబద్ధం.

దీనికి తిరగేసిన ప్రశ్న కూడా ఉంది. చిన్నమాట, తేలికమాట అయితే నిజమేనా? అదీ కాదు. 1946లో చిన్న మాటలు వాడమని చెప్పిన ఆర్వెల్, మూడేళ్లకు అచ్చయిన నవలలో నియంతల భాషను పొట్టి పొట్టి మాటలతోనే కట్టాడు. ‘యానిమల్ ఫార్మ్’లో గొర్రెలు అరిచే నినాదం పసిపిల్లలు కూడా పలకగలిగినంత తేలిక. ఎదుటివాడి మాట వినబడకుండా చేయడానికే అవి అరుస్తాయి. మన సభల్లో నినాదాలు ఇచ్చేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. పొడుగు మాట నిజాన్ని మసకబారుస్తుంది, పొట్టి నినాదం నిజాన్ని అరుపుల్లో ముంచుతుంది. మాట పొడుగును కొలవడంతో పని కాదు. ఆ మాట వింటే కళ్లముందు మనిషి కనబడుతున్నాడా అన్నది చూడాలి.

మాట పోతే ఆలోచన పోతుందా?

‘1984’ నవలలో నిఘంటువు తయారుచేసే ఉద్యోగి ఒకడుంటాడు. ఏటేటా భాషలో మాటలు తగ్గించడమే అతని పని. చివరకు తిరుగుబాటు ఆలోచన చేయడానికి మాటలే మిగలవని అతని నమ్మకం. ఆ కొత్త భాషలో స్వేచ్ఛకు వాడే ఇంగ్లీషు మాట ‘ఫ్రీ’ మిగిలి ఉంటుంది గాని, పొలంలో కలుపు లేదు, కుక్కకు గోమార్లు లేవు అని చెప్పడానికే పనికివస్తుంది. మనిషి స్వేచ్ఛ గురించి ఆ మాటతో చెప్పలేరు. మన ఊళ్లలో కూడా ఆ ‘ఫ్రీ’ అనే మాట చేరింది. ఫ్రీ బియ్యం, ఫ్రీ బస్సు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. స్వేచ్ఛ అనే అర్థాన్ని ఇంగ్లీషువాళ్ల దగ్గరే వదిలేసి, ఉచితం అనే అర్థంతోనే అది మన దాకా వచ్చింది.

మాట పోతే ఆలోచన నిజంగా పోతుందా? భాషాశాస్త్రం చదివిన చాలామంది అంత తేలిగ్గా పోదంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. స్వేచ్ఛ అనే మాట తెలియని వెట్టివాడికి కూడా సంకెల బరువు తెలుసు. పేరు లేని బాధ కూడా బాధే. అయితే పేరు లేని బాధ ఒంటరిది. ఒకడు ఇంకొకడికి చెప్పుకోలేడు, నలుగురు కలిసి అడగలేరు, తాత మనవడికి అందించలేడు. మాట పోయినప్పుడు ఆలోచన చావదు గాని మూగబోతుంది. మూగబోయిన ఆలోచన హక్కుగా మారదు.

మన భాషల సంగతి ఇక్కడే వస్తుంది. కోయ, గోండి, సవర, కువి, కొలామి భాషలకు ఎవరూ నిషేధం రాయలేదు. నవలలోలాగా నిఘంటువు పట్టుకుని మాటలు కొట్టేసే ఉద్యోగి కూడా లేడు. బడిలో వాడరు, ఆఫీసులో వాడరు, పిల్లవాడు మాట్లాడితే తోటివాళ్లు నవ్వుతారు. అంతే చాలు. ఒక్కో ఆకుకు, ఒక్కో దుంపకు, కొండవాలులో ఒక్కో రకం నేలకు మన పెద్దలకు ఉన్న పేర్లు మనవళ్ల నోట ‘చెట్టు’, ‘గడ్డ’, ‘భూమి’ అయిపోతున్నాయి. రికార్డులో పేరు లేని నేలను బంజరు అని రాయడం సులువు. అడవికి పేర్లు తెలిసినవాళ్లు తగ్గినకొద్దీ, అది ఎవరిదీ కాదని చెప్పడం ఎదుటివాడికి సులువవుతుంది.

మన పేరు సంగతి కూడా ఇంతే. కాగితం మనల్ని షెడ్యూల్డ్ తెగ అంటుంది, గిరిజనులు అంటుంది. కోయలు, గోండులు తమను తాము కోయితూర్ అనుకున్నారు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ అనే మాట కోసం పట్టుబట్టాడు, అనువాదంలో వనజాతి అని రాయడం మీద అభ్యంతరం చెప్పాడు. పేరు కోసం అంత పట్టుదల ఎందుకని అప్పుడు కొందరికి అనిపించి ఉండవచ్చు. మొదటినుంచీ ఉన్నవాడు అన్న అర్థం ఆ పేరులో ఉంది. అడవిలో ఉండేవాడు అని మాత్రమే చెప్పే పేరులో అది లేదు.

‘1984’ చివర న్యూస్పీక్ గురించి ఒక అనుబంధం ఉంది. అది మామూలు ఇంగ్లీషులో, ఆ భాష ఒకప్పుడు ఉండేది అన్నట్టు గతకాలంలో రాసి ఉంది. అంటే ఆ కత్తిరించిన భాష చివరకు గెలవలేదని రచయిత సూచించాడని కొందరు పాఠకులు అంటారు. నాకు ఆ చదువు నచ్చుతుంది.

ఆర్వెల్ మాటలు కూడా అరిగిపోయాయి

ఆర్వెల్‌ను దేవుణ్ని చేయనక్కరలేదు. 1949లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, కమ్యూనిస్టు అనుకూలురని తాను అనుమానించిన ముప్ఫై ఎనిమిది మంది పేర్లు బ్రిటిషు విదేశాంగశాఖలోని ప్రచార విభాగానికి ఇచ్చాడు. ప్రచారం పనికి వాళ్లను తీసుకోవద్దని చెప్పడానికే ఇచ్చాడని కొందరు సమర్థిస్తారు. నిఘా గురించి అంత రాసినవాడు జాబితా ఇవ్వడమేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన చనిపోయాక ‘యానిమల్ ఫార్మ్’ను 1954లో కార్టూన్ సినిమాగా తీస్తే, దాని వెనక అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు ఉంది. ఒక ప్రచారం మీద రాసిన కథ ఇంకో ప్రచారానికి పనికివచ్చింది.

ఇవాళ ఆయన మాటల్ని అన్ని పక్షాలూ వాడుతున్నాయి. నచ్చని ప్రభుత్వాన్నల్లా ఆర్వెలియన్ అంటారు. 2013లో అమెరికా నిఘా రహస్యాలను స్నోడెన్ బయటపెట్టినప్పుడు, మళ్లీ 2017 జనవరిలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు ఒకరు అబద్ధానికి ప్రత్యామ్నాయ వాస్తవాలు అని పేరు పెట్టినప్పుడు ‘1984’ అమ్మకాలు పెరిగాయి. పుస్తకం కొనడం మంచిదే. అయితే ఎదుటివాడి మీద విసరడానికే ఆ మాటలు వాడితే, ఆయన వద్దన్న అరిగిపోయిన మాటల్లో అవీ చేరతాయి. ఆర్వెల్ ప్రభావం నిజంగా ఉన్నవాడు ఆర్వెల్ మాటలు తక్కువగా వాడతాడు, తన మాటల్ని ఎక్కువగా చూసుకుంటాడు.

గోడ మీద రాత

‘యానిమల్ ఫార్మ్’ కథ చాలామందికి తెలిసిందే. జంతువులు యజమానిని తరిమేసి, అందరూ సమానం అని ఏడు నియమాలు గోడ మీద రాసుకుంటాయి. తర్వాత పందులు పెత్తనం చేసి, రాత్రిపూట నియమాల చివర ఒకటి రెండు మాటలు చేరుస్తుంటాయి. మంచం మీద పడుకోకూడదన్న నియమానికి దుప్పట్ల షరతు చేరుతుంది. సాటి జంతువును చంపకూడదన్న నియమానికి కారణం లేకుండా అన్న షరతు చేరుతుంది.

ఈ కథను అందరూ పందుల కథగా చదువుతారు. ఉపాధ్యాయుడిగా నేను మిగతా జంతువుల చదువును చూస్తాను. బాక్సర్ అనే గుర్రానికి నాలుగు అక్షరాలు దాటి రాలేదు. ఒళ్లు వంచి పనిచేయడమే దానికి తెలుసు. క్లోవర్ అనే ఆడగుర్రానికి అక్షరాలన్నీ వచ్చు, కూడబలుక్కుని చదవడం రాదు. నియమం ఇలా లేదే అని దాని మనసుకు అనిపిస్తుంది, కాని నిరూపించలేదు. మేక కొంచెం చదవగలదు, ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుంటుంది. బెంజమిన్ అనే గాడిద మాత్రం పందులంత బాగా చదవగలదు. చదవదు. చదవదగింది ఏమీ లేదంటుంది. గోడ మీద రాత చదివిపెట్టమని క్లోవర్ అడిగితే, అలాంటి వాటిల్లో తలదూర్చనంటుంది.

ఒక రోజు జబ్బుపడ్డ బాక్సర్‌ను ఆస్పత్రికని బండి ఎక్కిస్తారు. జంతువులన్నీ చుట్టూ చేరి వీడ్కోలు చెబుతాయి. అప్పుడు బెంజమిన్, మూర్ఖుల్లారా, బండి మీద ఏం రాసి ఉందో చూడండి అన్నట్టు అరిచి పైకి చదువుతుంది. అది కబేళా బండి. అప్పటికే తలుపు పడింది. బాక్సర్ తిరిగి రాదు. మూడు రోజుల తర్వాత పందుల తరఫు మాటకారి దానికి కూడా ఒక కథ చెబుతాడు. బండి వైద్యుడిదేనట, పాత పేరు చెరపలేదట. జంతువులు నమ్ముతాయి.

బెంజమిన్ అబద్ధం ఆడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. గోడ మీద అక్షరం మార్చింది కూడా కాదు. దానికి తప్పు అంటగట్టవచ్చా? వచ్చని నేను అంటాను. నలుగురిలో ఒక్కడికే చదవడం వచ్చినప్పుడు ఆ చదువు వాడి సొంతం కాదు. క్లోవర్ అనుమానం, బెంజమిన్ చదువు సమయానికి కలిసి ఉంటే గోడ మీది రాత అంత తేలిగ్గా మారేది కాదు. బాక్సర్ ప్రాణం తీసినవి పందులే. కాని గాడిద మౌనం వాటి పని సులువు చేసింది.

మన ఊళ్లలో బాక్సర్లు ఉన్నారు, క్లోవర్లు ఉన్నారు. ఇదివరకు ఇలా లేదే అని గొణిగే ముసలివాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్ల గొణుగుడులో నిజం ఉంటుంది, కాగితం ఉండదు. పదో తరగతి దాటిన పిల్లవాడు, డిగ్రీ చేసిన అమ్మాయి, జీతం తీసుకునే నాలాంటి ఉపాధ్యాయుడు మాత్రం చదవగలిగినవాళ్లు. ఉద్యోగం పోతుందేమో, ఎందుకొచ్చిన గొడవ అనే భయం మనకూ ఉంటుంది. అది అబద్ధపు భయం కాదు. అయితే గ్రామసభలో తీర్మానం పుస్తకం తిప్పి సంతకాలు పెట్టించుకునేటప్పుడు, పెద్దలారా, ఇందులో ఇలా రాసి ఉంది అని వాళ్ల భాషలో పైకి చదవడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. వాదించనక్కరలేదు. నినాదం ఇవ్వనక్కరలేదు. ఉన్నది ఉన్నట్టు, సమయానికి, అందరికీ వినబడేట్టు చదివితే చాలు. వేలిముద్ర వేయాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

కాబట్టి ఈసారి ఊళ్లోకి ఏ కాగితం వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ వాక్యంలో పని చేసింది ఎవరు? ఈ మెత్తని మాట ఎవరిని కాపాడుతోంది? దీన్ని మన భాషలో అవ్వకు ఎలా చెబుతాం? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా సంతకం ఆపమని చెబుదాం. బండి తలుపు పడకముందే చదువుదాం.